ఖాళీ వరసలో ఊదా రంగు

ఆ తలుపు మీద మూడు నోటీసులున్నాయి. మొదటిది: చెప్పులు బయట వదలండి. రెండోది: చేతులు కడుక్కుని, కోటు తొడుక్కుని రండి. మూడోది ఎర్ర అక్షరాల్లో: పై రెండూ చదవనివాళ్లు అసలు రాకండి.

మూడూ చదవకుండానే అతను లోపలికొచ్చేశాడు. చదువు రాక కాదు, రసాయన శాస్త్రంలో డాక్టరేట్ ఉంది. చేతులు ఖాళీ లేక. రెండు చేతులా ఓ గోనెసంచిని పొట్టకు అదుముకుని, మోచేత్తో తలుపు తోసి, చెప్పుల కాళ్లతో గది మధ్యకొచ్చి నిలబడ్డాడు.

"ఇక్కడ కణాల మీద పని చేసే మేడమ్ ఎవరండీ?"

దుమ్ము పడకుండా కణాల పని చేసుకునే గాజు అర, అదే హుడ్, ముందు కూర్చున్న అమ్మాయి తల తిప్పింది. ముఖానికి మాస్కు, తలకు టోపీ. బయటికి కనిపిస్తున్నవి కళ్లు మాత్రమే. అవి కణకణమంటున్నాయి. కణాల మీద పనిచేసే కళ్లు కణకణమనక ఇంకేమంటాయి?

"అక్కడే ఆగండి. ఇంకో అడుగు వేశారంటే ఊరుకోను."

"వెయ్యనండీ. సంచి దించొచ్చా?"

"వద్దు!"

అప్పటికే దించేశాడు. ధబ్బుమని చప్పుడైంది. సంచి మూతిలోంచి గోధుమరంగు పొడి మేఘంలా లేచి, తీరిగ్గా గదంతా చూసి రావడానికి బయల్దేరింది.

"తుమ్మకండి. చచ్చినా తుమ్మకండి."

అతను తుమ్మాడు. చావలేదు గానీ తుమ్మాడు.

"ఏంటండీ అది?"

"దానిమ్మ తొక్క పొడండీ. పెద్దసారు మీకిచ్చి రమ్మన్నారు."

"మూడు వారాలుగా పెంచుతున్నానండీ ఈ కణాల్ని. సెలవురోజు కూడా వచ్చి వాటి తిండి, అదే మీడియా, మార్చి, చంటిపిల్లల్లా చూసుకుంటున్నా. ఇప్పుడు మీరు తొక్కలో పొడి పట్టుకొచ్చి..."

"తొక్కలో పొడి కాదండీ. తొక్క పొడి. విభక్తి తేడా ఉంది."

ఆమె వేలు చాచి తలుపు చూపించింది. అతను వెళుతూ వెళుతూ నోటీసులు మూడూ శ్రద్ధగా చదివాడు. చదివి తల ఊపాడు. బాగానే రాశారన్నట్టు.

మూడో రోజుకల్లా ఆమె సీసాల్లో తెల్లటి బూజు పట్టింది. ఒక సీసా పట్టుకుని మెట్లు దిగి, కింది అంతస్తులో అతని బల్ల మీద ఠపీమని పెట్టింది.

"తొక్కల డాక్టరు గారూ, మీ సంతానం."

"నాకింకా పెళ్లి కాలేదండీ."

"అయ్యేలా కూడా లేదు."

ఆ రోజు నుంచి అతను 'తొక్కల డాక్టరు'. ఆమెకు అతను పెట్టిన పేరు 'నోటీసు'. "నన్ను నోటీస్ చేసిన మొదటి నోటీసు మీరే" అని ఆమెకే చెప్పాడు. ఆమె నవ్వలేదు. మాస్కు కింద నవ్విందేమో మనకు తెలియదు. మాస్కు పెట్టుకునేవాళ్లతో ఉన్న చిక్కే అది.

ఇద్దర్నీ పెద్దసారు కూర్చోబెట్టి మాట్లాడాడు. ఆయన బట్టతల ఎంత నున్నగా ఉంటుందంటే, నుదుటి మీదికి నెట్టిన కళ్లజోడు జారిపోయి వెనక్కి వెళ్లిపోతుంది, ఆయన దాన్ని జేబుల్లో వెతుకుతాడు.

"చూడండి. మన రక్తనాళాలకు లోపల చిన్న చిన్న గాయాలు అవుతూనే ఉంటాయి. వాటికి అతుకులేసి బాగుచేసే కణాలున్నాయి. రోడ్ల మీద గుంతలు పూడ్చే ముఠా ఉంటుందే, అలాంటిది. కాకపోతే ఇవి నిజంగా పనిచేస్తాయి. క్యాన్సర్ మందు చెడ్డ కణాలతోపాటు పాపం ఈ ముఠానీ చంపేస్తోంది. రోగి బతికి బయటపడతాడు, గాయాలు మాత్రం మానవు. ఆమె దగ్గర ఆ కణాలున్నాయి. నీ దగ్గర తొక్కలున్నాయి. తొక్క రసం ఆ కణాల్ని కాపాడుతుందేమో కలిసి చూడండి."

"కలిసా?" అంది నోటీసు.

"కలిసే. నీ గదిలోనే."

"చెప్పులు బయట విప్పి వస్తానండీ" అన్నాడు తొక్కల డాక్టరు, వినయంగా.

అతని ఉద్యోగానికి వచ్చే నెలాఖరు ఆఖరు. ఆ నెల మధ్యలో ఒక శుక్రవారం జరిగే మీటింగులో ఫలితం బాగుందని తేలితే ఏడాది పొడిగింపు. లేదంటే వేరే దారి చూసుకోవాలి. మొక్కల వేళ్ల మీద పనిచేసే ల్యాబు ఒకటి వేరే ఊళ్లో ఉంది. "వేరుపడి వేర్ల దగ్గరికి పోవడమే" అని నవ్వుతూ చెప్పేవాడు. నవ్వుతూ చెప్పినా ఆమెకు నవ్వొచ్చేది కాదు, ఎందుకు రావడం లేదో తెలుసుకోవడానికి మాత్రం ఆమెకు నెలన్నర పట్టింది.

ఆ నెలన్నరలో అతను ఆమె గదికి మచ్చికయ్యాడు. కోటు గుండీలు సరిగ్గా పెట్టుకోవడం నేర్చుకున్నాడు. తొంభై ఆరు గుంటల ప్లేటులో వరసకు పన్నెండు చొప్పున ఎనిమిది వరసలుంటాయని తెలుసుకున్నాడు. పరీక్ష కూడా తేలికే. కణాల మీద పసుపుపచ్చ ద్రావణం పొయ్యాలి. బతికున్న కణాలు దాన్ని ఊదాగా మారుస్తాయి. చచ్చినవి మార్చవు. ఎంత ఊదా ఉంటే అంత ప్రాణం.

మందు ఒక్కటే వేసిన వరసలు ఎప్పుడు చూసినా పచ్చగా ఏడుపుముఖం పెట్టేవి. మందుతోపాటు తొక్కరసం కూడా వేసిన వరసలు మాత్రం వంకాయల్లా నిగనిగలాడేవి. నూటికి తొంభై నాలుగు!

మొదటిసారి ఆ ఊదా చూసినప్పుడు ఇద్దరూ ఒకరి చేతులొకరు పట్టేసుకున్నారు. రెండు జతల గ్లోవ్స్ మధ్యలో ఉన్నాయి కాబట్టి అది లెక్కలోకి రాదని ఇద్దరూ విడివిడిగా అనుకున్నారు.

ఒక మధ్యాహ్నం వాన ఎక్కడలేని హడావిడిగా కురిసింది. ఆమె దగ్గర గొడుగుంది, అతని దగ్గర లేదు. "బస్టాపు దాకా" అని మొదలైన గొడుగు ఆమె ఇంటి గుమ్మం దాకా వెళ్లింది. అతని కుడి భుజం పొడి, ఎడమ భుజం తడి. ఆమెకు ఎడమ భుజం పొడి, కుడిది తడి. ఆ రెండు పొడి భుజాల మధ్య ఎంత దూరం ఉందో నేను కొలవలేదు, వానా కొలవలేదు.

తలుపు తీసింది వాళ్లమ్మ. రైల్వే స్టేషన్లో ముప్పై ఏళ్లు మైకు ముందు కూర్చుని రిటైరైన మనిషి. మైకు ప్రభుత్వానికి అప్పజెప్పింది గానీ గొంతు ఇంటికి తెచ్చేసుకుంది.

"దయచేసి గమనించండి! తడిసిన అబ్బాయి ఒకరు మన గుమ్మం దగ్గరకు చేరుకుని ఉన్నారు."

"అమ్మా, మెల్లగా!"

"మెల్లగానే అన్నానే. రా బాబూ, తువ్వాలిస్తా. నువ్వేనా తొక్కలబ్బాయివి? రోజూ మా అమ్మాయి నిన్ను తిట్టకుండా అన్నం తినదు. ఈ మధ్య తిట్లు తగ్గాయి. అప్పుడే అనుకున్నా, వస్తావని."

టీ తాగుతూ ఆవిడ కాలు చాపి బొటనవేలు చూపించింది. నాలుగేళ్ల కింద క్యాన్సర్ నుంచి ఆ మందుతోనే బయటపడింది. జబ్బు పోయింది. కానీ నిరుడు మెట్టు తగిలి గోరు ఊడితే మానడానికి రెండు నెలలు పట్టింది.

"మా పిల్ల ఈ గోరు కోసమే ఆ కణాల్ని పట్టుకుంది. చెప్పదు గానీ నాకు తెలుసు. మీ తొక్క పనిచేస్తోందటగా?"

"చేస్తోందండీ" అన్నాడు అతను, ఆవిడ కూతురి వంక చూస్తూ. నమ్మకంగానే అన్నాడు. అప్పటికి అది నిజమే అనుకుంటున్నాడు మరి.

ఇక శనివారం సంగతి. ఆమె హుడ్ ముందు కొత్త ప్లేటు పెట్టుకుని, వరసల్లో కణాలు వేస్తోంది. అతను తలుపు దగ్గర నిలబడ్డాడు, చెప్పులు విప్పి, కోటు తొడిగి, అన్ని గుండీలూ పెట్టుకుని.

"శుక్రవారం మీటింగయ్యాక మీ అమ్మగారిని ఒక మాట అడగాలండీ."

"ఏం మాట?"

"మీకు తెలిసిన మాటే."

"తెలిసిన మాటైతే నన్నే అడగొచ్చుగా?"

"మీ దగ్గర నోటీసు లేకుండా ఏదీ కుదరదుగా. అందుకని ఆరు రోజుల ముందే నోటీసిస్తున్నా. జవాబు ఇప్పుడొద్దు." అని వెళ్లిపోయాడు. మెట్లు రెండేసి చొప్పున దిగిన చప్పుడు పైదాకా వినిపించింది.

ఆమె చెయ్యి చుక్కలు వేసే పిపెట్ మీద, మనసు మెట్ల మీద. ఆరో వరస వేసింది. నవ్వుకుంది. తర్వాత ఎనిమిదో వరస వేసింది.

ఏడో వరసలో ఒక్క కణం కూడా పడలేదని ఆమెకు ఆ క్షణంలో తెలియదు.

మంగళవారం పొద్దున రంగు పోసి, నాలుగు గంటలాగి ప్లేటు తీసింది. మందు, తొక్కరసం కలిపిన వరసలు ఏడూ ఎనిమిదీ. రెండూ ఊదా. భేషుగ్గా ఉన్నాయి. ఊరికే ముచ్చటకి మైక్రోస్కోపు కింద పెట్టి చూసింది.

ఎనిమిదో వరసలో కణాలున్నాయి. ఏడో వరసలో ఏమీ లేదు. బతికున్నవీ లేవు, చచ్చినవీ లేవు. ఎవరూ కాపురం లేని ఇంట్లో దీపాలు వెలుగుతున్నట్టు, ఉత్త ఊదా రంగు.

ఆమె కుర్చీలో కూలబడింది. కణాలే లేని చోట ఊదా ఎవరు పోశారు? తొక్కరసమే. అంటే నెలన్నరగా కణాల ప్రాణం అనుకుని ఎగిరి గంతేసిందంతా తొక్కరసం సొంతంగా వేసుకున్న రంగు. మందుతోపాటు రసమూ వేసి, కణాలు వెయ్యకుండా ఒక వరస పెట్టి చూడాలన్న బుద్ధి ఇన్నాళ్లూ ఎవరికీ పుట్టలేదు.

ఇది అతనికి చెప్పాలి. చెబితే శుక్రవారం అతని ఉద్యోగం ఊడుతుంది. దానికన్నా పెద్ద భయం ఇంకొకటుంది. "శుక్రవారం దాకా ఎవరికీ చెప్పొద్దు" అని అతనంటేనో? అలా అన్న మనిషి వాళ్లమ్మను ఏ మాట అడిగితే మాత్రం ఏం లాభం? అడిగి తెలుసుకునే ధైర్యం లేక ఆమె నోరు మూసుకుంది.

సరిగ్గా అదే మంగళవారం కింది అంతస్తులో తొక్కల డాక్టరు గ్లాసులు కడుగుతున్నాడు. ఆమె దగ్గర్నుంచి తెచ్చిన పచ్చరంగు ద్రావణం అడుగున కాస్త మిగిలితే, తొక్కరసం ఉన్న బీకరులో పారబోశాడు. సబ్బు చెయ్యి కడుక్కుని వచ్చేసరికి బీకరు ఊదాగా ఉంది.

అతను జీవశాస్త్రం చదవలేదు గానీ బీకరును చదవగలడు. చదివి, కడుగుతున్న గ్లాసు పక్కన పెట్టేశాడు.

ఉద్యోగం పోతుందని అతనికీ తట్టింది. కానీ కళ్లముందు కదిలింది మాత్రం టీ కప్పు పక్కన చాపిన బొటనవేలు, దాని కోసం సెలవుల్లో కూడా సీసాలు మోసే అమ్మాయి. ఆ అమ్మాయికి "మీదంతా ఉత్త రంగే" అని ఎలా చెప్పడం? శుక్రవారం మీటింగులో తప్పంతా తన రసందేనని తానే ఒప్పుకుంటే, ఆమె మాట పడక్కర్లేదనుకున్నాడు.

బుధవారం మెట్ల దగ్గర ఎదురుపడ్డారు.

"ఏంటండీ, డల్‌గా ఉన్నారు?"

"ఏం లేదు. మీరు?"

"నాకూ ఏం లేదు. రంగు... ఎలా ఉంది?"

"ఏ రంగు?"

"ఏ రంగూ కాదు. ఈ గోడ రంగు."

"బాగానే ఉంది. గోడకున్న రంగు గోడదే కదా" అని ఆమె నాలిక్కరుచుకుంది.

గురువారం అసలు మాటల్లేవు. శనివారం ఇచ్చిన నోటీసుకు ఇదే జవాబని అతను తేల్చేసుకున్నాడు. మీటింగు ఎలా జరుగుతుందోనన్న బెంగతో ముఖం వేలాడేశాడని ఆమె తేల్చేసుకుంది. ఇద్దరూ సైంటిస్టులు. ఆధారాల్లేకుండా ఏదీ నమ్మరు, ఒకరి గురించి ఒకరు తప్ప.

ఇంట్లో వాళ్లమ్మ అడిగింది. "ఏమే, మళ్లీ తిట్లు మొదలెట్టావా?"

"లేదమ్మా."

"మరి అన్నం ఎందుకు దిగట్లేదు?"

శుక్రవారం పొద్దున పది. పొడవాటి బల్ల, చుట్టూ పదిమంది, గోడ మీద ఫలితాలు చూపించే పెద్ద బొమ్మ. మందు ఒక్కటే వేస్తే నూటికి ముప్పై. తొక్కరసం కలిపితే నూటికి తొంభై నాలుగు. పెద్దసారు కళ్లజోడు వెతుక్కుంటూ "భలే! చెప్పండి, ఎవరు చెబుతారు?" అన్నాడు.

రెండు కుర్చీలు ఒకేసారి కిర్రుమన్నాయి.

"సార్, ఒక తప్పు జరిగింది."

ఇద్దరి గొంతులూ ఒకటే మాట. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"మీరు కూర్చోండి, తప్పు నాది" అన్నాడతను.

"మీరు కూర్చోండి. మీకేం తెలుసు? తప్పు నాది" అందామె.

"సార్, ఆ ఊదా కణాలది కాదు, నా రసానిది. బీకర్లో కణాలేం లేవు, అయినా ఊదాగా మారింది. మేడమ్‌కి దీంతో సంబంధం లేదు."

"సార్, ఏడో వరసలో నేను కణాలు వెయ్యడం మర్చిపోయా. అదీ ఊదాగానే వచ్చింది. ఆయనకి దీంతో సంబంధం..." అని ఆగిపోయి గిరుక్కున అతని వైపు తిరిగింది. "ఆగు. బీకరా? నీకు ముందే తెలుసా?"

"మంగళవారం తెలిసింది. నీకు?"

"నాకూ మంగళవారమే. మరి చెప్పలేదేం?"

"నువ్వు చెప్పావా?"

"నీ ఉద్యోగం పోతుందని ఆగా!"

"మీ అమ్మగారి గోరు గుర్తొచ్చి ఆగా!"

బల్ల చుట్టూ ఉన్న పదిమందీ టెన్నిస్ చూస్తున్నట్టు తలలు అటూ ఇటూ తిప్పుతున్నారు. పెద్దసారుకు కళ్లజోడు దొరికింది. పెట్టుకుని ఇద్దర్నీ పరకాయించి చూశాడు.

"పోయిన వారం దాకా మీరు, మీరు అనుకున్నారు. ఇవాళ నువ్వు, నువ్వు అనేసుకుంటున్నారు. ఫలితం ఏదో వచ్చినట్టే ఉంది." అని గొంతు సవరించుకున్నాడు. "ఖాళీ వరస ఒకటి పెట్టమని చెప్పాల్సింది నేను. ముప్పై ఏళ్ల సర్వీసులో ఉండి నేనే మర్చిపోయా. ఈ తొంభై నాలుగు కొట్టెయ్యండి. పదిరోజులిస్తున్నా. రసం బాగా కడిగేసి, రంగును నమ్మకుండా, కళ్లతో కణాలు లెక్కపెట్టండి. ఏది వస్తే అది. దాన్ని బట్టే నీ పొడిగింపు."

"రాకపోతే?" అంది ఆమె.

"రాకపోతే లేదమ్మా."

పదిరోజులు. కణాలున్న గొట్టాలకు పెద్దసారే నంబర్లు వేసి, ఏ నంబరులో ఏముందో రాసిన కాగితం తన సొరుగులో పెట్టి తాళం వేసుకున్నాడు. ఏది మందో ఏది తొక్కో తెలిస్తే కళ్లు పక్షపాతం చూపిస్తాయని. గళ్ల గాజు పలక మీద చుక్క వేసి, నీలం రంగు కలిపి చూడాలి. చచ్చిన కణంలోకి నీలం దూరిపోతుంది, బతికున్నది దూరనివ్వదు. ఇద్దరూ రెండు మైక్రోస్కోపుల ముందు పక్కపక్కన కూర్చున్నారు. ఒకే గొట్టాన్ని ఇద్దరూ విడివిడిగా లెక్కపెట్టాలి, మధ్యలో మాట్లాడితే లెక్క పోతుంది.

పెళ్లికి ముందే మౌనవ్రతం నేర్పే ఉద్యోగం లోకంలో ఇదొక్కటేననుకుంటా.

"నలభై ఏడు, నలభై ఎనిమిది..." ఆమె లెక్కపెట్టుకుంటోంది.

"ఉమ్" అన్నాడతను.

"ఏం, ఉమ్?"

"ఏం లేదు. నీ జుట్టు నా మైక్రోస్కోపు మీద పడింది."

"పోయింది. మళ్లీ మొదట్నుంచి."

"సారీ."

"సారీ చెబితే కూడా లెక్క పోతుంది. నోర్మూసుకో."

మూసుకున్నాడు. అయిదు నిమిషాలయ్యాక తల ఎత్తకుండానే ఆమె అంది. "శనివారం నువ్విచ్చిన నోటీసు."

"ఊఁ?"

"అందింది."

ఈసారి లెక్క పోయింది అతనిది. ఆ గొట్టాన్ని మళ్లీ మొదట్నుంచి లెక్కపెట్టాల్సి వచ్చినా అతను గొణగలేదు.

పదో రోజు సొరుగు తాళం తీసిన పెద్దసారు కాగితం పక్కన కాగితం పెట్టి చాలాసేపు చూశాడు. ఇద్దరి లెక్కలూ దాదాపు ఒకటే. ఆమె అతని వైపు చూడలేదు. అతని చెయ్యి మాత్రం పట్టుకుంది. ఈసారి గ్లోవ్స్ లేవు.

"మందు లేనివాటిలో నూటికి తొంభై ఒకటి బతికున్నాయి. మందు ఒక్కటే వేస్తే ముప్పై ఆరు. మందూ తొక్కరసమూ వేస్తే... యాభై ఎనిమిది."

"యాభై ఎనిమిదేనా?" అన్నాడతను.

"యాభై ఎనిమిదా!" అందామె.

"తొంభై నాలుగు కాదు. కానీ ఈ యాభై ఎనిమిదిలో రంగు లేదు, కణాలే ఉన్నాయి" అన్నాడు పెద్దసారు. "ఏడాది ఇవ్వలేనయ్యా. ఆరు నెలలిస్తా. ఎలా కాపాడుతోందో తేల్చండి. ఇక వెళ్లండి, నా గదిలో చేతులు పట్టుకుని నిలబడితే నాకు చోటు చాలట్లేదు."

సాయంత్రం ఇద్దరూ ఇంటికెళ్లేసరికి వాళ్లమ్మ వరండాలో బట్టలు మడతపెడుతోంది. అతను నిలబడే చెప్పాడు.

"ఆంటీ, ఆ రోజు పనిచేస్తోందని మీకు చెప్పాను. అది తప్పు. కొంచెమే పనిచేస్తోంది. అదీ గాజు పలక మీద. మనుషుల ఒంట్లో ఏం జరుగుతుందో ఇంకా ఎవరికీ తెలీదు, తెలిసేసరికి ఏళ్లు పట్టొచ్చు. మీరు మాత్రం ఇంట్లో తొక్కలు మరగబెట్టుకుని తాగకండి."

ఆవిడ మడత ఆపింది. "అంటే నా గోటికి మందు రాలేదు."

"రాలేదండీ."

"మరేమొచ్చింది?"

"నేనొచ్చానండీ. మీ అమ్మాయిని అడుగుదామని."

ఆవిడ కూతురి వంక చూసింది. కూతురు ఆరిన చీర ఒకటి తీసుకుని దాని వెనక ముఖం దాచుకుంటూ మడతపెట్టసాగింది.

"మీటింగులో ముందు లేచి తప్పు ఒప్పుకున్నదెవరు?" అడిగింది ఆవిడ.

"నేనే" అన్నాడతను.

"అబద్ధం. నా కుర్చీ ముందు కిర్రుమంది" అంది చీర.

"ముందు నోరు తెరిచింది నేను."

"తెరిచావు. మాట ముందు నాది."

"కావాలంటే పెద్దసారుని అడుగు!"

"ఆయనకప్పుడు కళ్లజోడే దొరకలేదు, ఆయనేం చూస్తాడు?"

ఆవిడ ఇద్దర్నీ కాసేపు మాట్లాడుకోనిచ్చింది. తర్వాత మడతపెట్టిన బట్టల దొంతర అతని చేతుల్లో పెట్టి లేచింది.

"ఈ గొడవ అక్కడ పెట్టుకుంటే పాపం ఆ కణాలు చస్తాయి. పెళ్లి చేసుకుని ఇంట్లో పెట్టుకోండి" అంది.